ఒక కొస లేచింది, రెండో కొస లేవట్లేదు

ప్రశ్న: నా డెస్క్‌టాప్‌లో ఉన్న పాత గ్రాఫిక్స్ కార్డు తీసి తమ్ముడికి ఇద్దామనుకున్నాను. నాకు కొత్తది రావడానికి కొన్నాళ్లు పడుతుంది. అంతవరకు మదర్‌బోర్డు డిస్‌ప్లేతో నెట్టుకొద్దామని ఆలోచన. ధైర్యం చేసి క్యాబినెట్ తెరిచాను. కార్డుకి వచ్చే కరెంటు కేబుల్ ఊడదీశాను, వెనక ఉన్న రెండు స్క్రూలు తీశాను. కార్డు పట్టుకుని లాగితే స్క్రూల వైపు కొస కొంచెం లేచింది గానీ రెండో కొస కదల్లేదు. అక్కడేదో లాక్ ఉంటుందని తెలుసు. కానీ పైన ప్రాసెసర్ కూలర్ చాలా పెద్దది, మధ్యలో వేలు పట్టదు. ఇంకాస్త గట్టిగా లాగితే ‘టిక్’మని శబ్దం వచ్చింది. భయమేసి అలాగే వదిలేశాను, మళ్లీ ఆన్ చేయలేదు. ఏమైనా విరిగిందంటారా? ఎలా తీయాలి? చేతికి స్టాటిక్ బ్యాండు కట్టుకోకుండా లోపల ముట్టుకోకూడదని ఒకరన్నారు, నిజమేనా? కార్డు తీసేశాక స్క్రీన్ వస్తుందా?

సమాధానం:

శబ్దం వినగానే లాగడం ఆపేశారు, మంచి పని చేశారు. ‘ఇంకొక్కసారి గుంజితే వచ్చేస్తుంది’ అనుకున్నవాళ్ల దగ్గరే స్లాట్లు, అంటే మదర్‌బోర్డు మీద కార్డు దిగే గాడులు, విరుగుతాయి. గ్రాఫిక్స్ కార్డు బలంతో ఊడే వస్తువు కాదు. పట్టి ఉంచినవన్నీ వదిలితే తేలిగ్గా పైకి వచ్చేస్తుంది. రావట్లేదంటే ఇంకా ఏదో పట్టుకునే ఉందన్నమాట. అప్పుడు లాగడం మానేసి, ఆ పట్టుకున్నదేమిటో వెతకాలి. మీ విషయంలో వెతికే పని కూడా లేదు, అది స్లాట్ చివరి లాకే.

ముందు ఆ ‘టిక్’ సంగతి చూద్దాం. కార్డు అడుగు అంచున బంగారు రంగు కాంటాక్టుల వరుస ఉంటుంది. ఆ వరుస అయిపోయాక, స్క్రూలకు దూరంగా ఉండే చివర, కార్డు అంచుని చిన్న కొక్కెం ఆకారంలో కోసి ఉంటారు. స్లాట్ చివరి ప్లాస్టిక్ లాక్ ఆ కొక్కేన్ని పట్టుకుంటుంది. మీరు లాగినప్పుడు ఆ ప్లాస్టిక్ వంగి మళ్లీ యథాస్థానానికి వచ్చి ఉండొచ్చు. లేదా కార్డు వెనక పలక కూలర్‌కి తగిలి ఉండొచ్చు. ఈ రెండిట్లో ఏదైనా సరే, నష్టమేమీ లేదు. లాక్ ముక్కే విరిగి ఉంటే? అదీ కొంప మునిగే విషయం కాదు. కరెంటు గానీ డేటా గానీ ఆ ప్లాస్టిక్ గుండా పోవు. లాక్ విరిగిన స్లాట్‌లో కూడా కార్డు మామూలుగా పనిచేస్తుంది, వెనక స్క్రూలు బిగించి కింద చిన్న ఆధారం పెడితే చాలు. ఈ మాట ముందే చెబుతున్నాను, ఎందుకంటే ఆ ప్లాస్టిక్ ముక్క విరిగిందని మదర్‌బోర్డే మార్చేయడానికి సిద్ధపడేవాళ్లుంటారు.

నిజంగా భయపడాల్సింది ఇంకొకటుంది, ఆ కొక్కెం మూల దగ్గర కార్డే పగలడం. పెద్ద కార్డుల్లో ఇది కొత్త సంగతి కాదు. ఇప్పుడొస్తున్న భారీ కార్డులు కొన్ని 2 కిలోలు దాటుతాయి. ఆ బరువు వేలాడుతున్నప్పుడు గానీ, ఒక కొస పట్టేసి ఉండగా రెండో కొస పైకి లాగినప్పుడు గానీ ఒత్తిడంతా ఆ సన్నటి మూల మీదే పడుతుంది. ఆ పక్కనుంచే వెంట్రుకంత రాగి దారులు పోతుంటాయి. అవి తెగితే కార్డు చచ్చినట్టే. మీరు రాసినంత మాత్రం లాగుడికి అలా జరగడం అరుదు. అయినా కార్డు బయటికి వచ్చాక వెలుతురులో మొదట చూడాల్సింది ఆ మూలనే.

ఇప్పుడు మీ కార్డు ఒకవైపు లేచి, ఒకవైపు దిగి, వాలిపోయి ఉంది. ఈ స్థితిలో పొరపాటున కూడా ఆన్ చేయొద్దు. ప్లగ్ తీసి ఉందని చూసుకుని, లేచిన కొసని బొటనవేలితో సమంగా కిందికి నొక్కి మళ్లీ స్లాట్‌లో కూర్చోబెట్టండి. కార్డు అంచు మదర్‌బోర్డుకి సమాంతరంగా కనిపించాలి. స్క్రూలు బిగించి, కరెంటు కేబుల్ మళ్లీ పెట్టి, ఒకసారి ఆన్ చేయండి. తీసేద్దామనుకున్న కార్డుని మళ్లీ బిగించమంటాడేమిటి అనుకోకండి. దీనికి రెండు కారణాలున్నాయి. కార్డు బాగానే ఉందో లేదో తమ్ముడి చేతికి వెళ్లకముందే తెలుస్తుంది. తీశాక స్క్రీన్ వస్తుందా అన్న మీ చివరి ప్రశ్నకు జవాబు కూడా కార్డు ఉండగానే వెతుక్కోవాలి, తీశాక కాదు.

ఆ జవాబు మీ ప్రాసెసర్ పేరులో ఉంది. విండోస్ సెట్టింగ్స్‌లో సిస్టమ్ వివరాల దగ్గర చూడండి. ఇంటెల్ డెస్క్‌టాప్ ప్రాసెసర్ పేరు చివర ‘ఎఫ్’ అక్షరం ఉంటే, అంటే 12400ఎఫ్, 13600కేఎఫ్ లాంటివైతే, దానిలో డిస్‌ప్లే ఇచ్చే భాగం లేదు. ఏఎండీ రైజెన్‌లో 5000 సిరీస్ వరకు పేరు చివరి అక్షరాల్లో ‘జీ’ ఉన్నవాటికే ఆ భాగం ఉంటుంది. 5600జీకి ఉంది, 5600ఎక్స్‌కి లేదు. 7000 సిరీస్ నుంచి మామూలు డెస్క్‌టాప్ మోడళ్లలో చాలావాటికి చిన్నపాటి గ్రాఫిక్స్ ఇచ్చారు. అక్కడా 7500ఎఫ్ లాంటి ‘ఎఫ్’ మోడళ్లకు లేదు. చాలామంది మోసపోయేది ఇక్కడే. మదర్‌బోర్డు వెనక హెచ్‌డీఎంఐ పోర్టు కనిపిస్తుంది కదా, బొమ్మ వస్తుందిలే అనుకుంటారు. పోర్టు మదర్‌బోర్డుది, బొమ్మ తయారయ్యేది ప్రాసెసర్‌లో. ప్రాసెసర్‌లో ఆ భాగం లేకపోతే ఆ పోర్టు అలంకారమే. అలాంటి ప్రాసెసర్ అని తేలితే, కొత్త కార్డు చేతికి వచ్చేదాకా పాతది తీయకండి. తమ్ముణ్ని కాస్త ఆగమనండి.

కార్డు ఉండగానే మానిటర్ కేబుల్ మదర్‌బోర్డు పోర్టుకి పెట్టి పరీక్షిస్తే సరిపోదా అనిపించొచ్చు. సరిపోదు. స్లాట్‌లో కార్డు కనబడితే చాలు, లోపలి డిస్‌ప్లేని మూసేసే బోర్డులు చాలా ఉన్నాయి. కాబట్టి బొమ్మ రాకపోతే అది లేదని అర్థం కాదు, వస్తే మాత్రం ఉన్నట్టే.

ఇంకొకటి కూడా కంప్యూటర్ ఆన్‌లో ఉండగానే చూసుకోండి. విండోస్‌లో డిస్క్‌లోని ఫైళ్లకు తాళం వేసే బిట్‌లాకర్ గానీ డివైస్ ఎన్‌క్రిప్షన్ గానీ ఆన్ అయి ఉంటే, హార్డ్‌వేర్ మారిందని గమనించి తర్వాతి బూట్‌లో 48 అంకెల రికవరీ కీ అడిగే అవకాశముంది. అన్ని సిస్టమ్‌లూ అడగవు. అడిగినప్పుడు కీ లేకపోతే మాత్రం మీ ఫైళ్లన్నీ ఆ తాళం వెనకే ఉండిపోతాయి. విండోస్ 11లో మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయిన కంప్యూటర్లలో మీకు తెలియకుండానే ఇది ఆన్ అయి ఉండొచ్చు. ఆ కీ సాధారణంగా అదే ఖాతాలో దాచి ఉంటుంది. ఫోన్‌లో తెరిచి చూసి, కాగితం మీద రాసి పెట్టుకోండి. డ్రైవర్, అంటే కార్డుని విండోస్‌తో పనిచేయించే సాఫ్ట్‌వేర్, అన్‌ఇన్‌స్టాల్ చేయాలా అని మీరు అడగలేదు గానీ ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. తీయడానికి అదేమీ తప్పనిసరి కాదు. కొత్త కార్డు వేరే కంపెనీ చిప్‌దైతే, అంటే ఎన్‌విడియా నుంచి ఏఎండీకో అటు నుంచి ఇటో మారుతుంటే, పాత డ్రైవర్ తీసేస్తే తర్వాత చికాకులు తగ్గుతాయి, అంతే.

ఇక స్టాటిక్ సంగతి. మనిషి ఒంట్లో చేరిన స్టాటిక్ కరెంటు చిటుక్కున తగిలినట్టు మనకు తెలియాలంటే దాదాపు 3000 వోల్టులు ఉండాలి. చిప్‌లు అంతకంటే చాలా తక్కువకే పాడవగలవు. కాబట్టి ఆ మాట చెప్పినవాళ్లు అబద్ధం చెప్పలేదు. కానీ ఈ పనిలో జరిగే నష్టాలను వరుసగా పెడితే స్టాటిక్‌ని నేను పైన పెట్టను. బలప్రయోగం, జారిన స్క్రూడ్రైవర్, కింద పడిన కార్డు, ఇవన్నీ దానికి ముందు వస్తాయి. బ్యాండు ఉంటే కట్టుకోండి, మంచిదే. లేకపోతే పని ఆపక్కర్లేదు. కార్పెట్ మీద నిలబడకండి, ఉన్ని స్వెట్టరు గానీ పట్టుకుంటే చిటపటలాడే సిల్కు బట్టలు గానీ వేసుకోకండి. కార్డుని తాకే ముందు ప్రతిసారీ క్యాబినెట్ లోపల పెయింట్ లేని ఇనుప భాగాన్ని చేత్తో పట్టుకోండి. మధ్యలో లేచి అటూ ఇటూ తిరిగొస్తే మళ్లీ పట్టుకోండి. మీ ఒంటికీ క్యాబినెట్‌కీ మధ్య వోల్టేజి తేడా లేకుండా చేయడమే అసలు కిటుకు. బ్యాండు చేసేది కూడా ఆ పనే, మీరు మర్చిపోయినా అది మర్చిపోదు, అంతే తేడా.

అన్నీ చూసుకున్నాక షట్‌డౌన్ చేయండి. స్లీప్ కాదు, పూర్తి షట్‌డౌన్. ఆటలాడిన వెంటనే అయితే కొంతసేపు ఆగండి, హీట్‌సింక్ (వేడిని లాగేసే లోహపు రేకులు) వేడికి చేయి కాలుతుంది. తర్వాత ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్ అంతటికీ కరెంటిచ్చే డబ్బా) వెనక ఉన్న స్విచ్చిని ‘సున్నా’ వైపుకి నొక్కి, ప్లగ్ కూడా పీకేయండి. షట్‌డౌన్ చేసినంత మాత్రాన లోపల కరెంటు పోదు. ప్లగ్ ఉన్నంతసేపూ మదర్‌బోర్డుకి 5 వోల్టుల స్టాండ్‌బై కరెంటు అందుతూనే ఉంటుంది. కొన్ని బోర్డుల మీద చిన్న లైటు వెలుగుతూ ఉండేది అందుకే. ప్లగ్ తీశాక ముందున్న పవర్ బటన్‌ని ఐదారు సెకన్లు నొక్కి పట్టుకోండి. కెపాసిటర్లలో మిగిలింది ఖాళీ అవుతుంది. ఫ్యాన్ ఒకసారి కదిలి ఆగినా కంగారుపడకండి, మిగిలిన కరెంటు పోయిందని గుర్తు. ఎస్‌ఎంపీఎస్ డబ్బాని మాత్రం ఎప్పుడూ విప్పకండి, ప్లగ్ తీసినా సరే.

క్యాబినెట్‌ని నిలబెట్టి పనిచేయకండి. పడుకోబెట్టండి, మదర్‌బోర్డు ఆకాశం వైపు చూసేలా. అప్పుడు కార్డు నిలువుగా నిలబడుతుంది, దాని బరువు స్లాట్‌ని వంచదు, లాక్ మీద ఒత్తిడి పోతుంది. నిలబెట్టిన క్యాబినెట్‌లో లాక్ తెరుచుకున్న మరుక్షణం అంత బరువూ మీ ఒంటి చేతి మీద పడుతుంది. పక్కన అద్దం తలుపు ఉంటే పడుకోబెట్టడానికి ముందే తీసి, మెత్తటి గుడ్డ మీద పెట్టండి. టైల్స్ నేల మీద అంచు ఆనించి పెట్టొద్దు. టెంపర్డ్ గాజు మధ్యలో ఎంత గట్టిదో అంచు దగ్గర అంత పెళుసు. సిరామిక్ టైల్‌కి అంచు చిన్నగా తగిలినా మొత్తం పొడిపొడిగా రాలిపోవచ్చు.

విప్పే వరుస కూడా ముఖ్యం. కేబుళ్లు ముందు, స్క్రూలు తర్వాత, లాక్ చివర. స్క్రూలు ముందే తీసేస్తే, ఆ తర్వాత కేబుల్ లాగే బలమంతా వదులైన కార్డు మీద పడి స్లాట్‌ని పక్కకి వంచుతుంది. మీరు కేబులే ముందు తీశారు, బాగుంది. మానిటర్ కేబుళ్లలో హెచ్‌డీఎంఐ ఊరికే వచ్చేస్తుంది. డిస్‌ప్లేపోర్టు కేబుల్ తల మీద మాత్రం చాలావరకు చిన్న బటన్ ఉంటుంది. అది నొక్కి పట్టుకుని తీయాలి. తెలియక లాగితే కార్డు పోర్టే కదిలిపోతుంది. కరెంటు కేబుల్‌కీ అంతే, పక్కనున్న క్లిప్‌ని గట్టిగా నొక్కి, ప్లాస్టిక్ తలని పట్టుకుని లాగాలి, వైర్లని కాదు. కొన్ని కార్డుల్లో ఆ క్లిప్ హీట్‌సింక్ వైపు తిరిగి ఉండి వేలికి అందదు. పొడవు వాటంలో కొద్దికొద్దిగా కదుపుతూ తీయండి. మీది 16 పిన్నుల కొత్త రకం కనెక్టరైతే, తీశాక దాని మొహం ఒకసారి చూడండి. ప్లాస్టిక్ గోధుమ రంగుకి తిరిగినా, పిన్నుల దగ్గర కరిగినట్టున్నా ఆ కేబుల్ మళ్లీ వాడకూడదు. ఆ కనెక్టర్ సరిగా లోపలికి దిగకపోతే వేడెక్కి కరిగిన ఉదంతాలు 2022 నుంచీ ఉన్నాయి.

స్క్రూలకు మాగ్నెట్ కొన ఉన్న స్టార్ స్క్రూడ్రైవర్ అయితే హాయి. స్క్రూ లోపల పడితే అది దొరికేదాకా కంప్యూటర్ ఆన్ చేయొద్దు. మదర్‌బోర్డు మీద తప్పిపోయిన ఒక స్క్రూ చాలు, షార్ట్ అవడానికి. కార్డు కింద ఊతంగా నిలబెట్టిన స్టాండో, పక్కన బిగించిన పట్టీయో ఉంటే అదీ తీసేయండి. మందమైన కార్డులకు మూడో స్క్రూ ఉండటమూ కద్దు. మీరు రెండు తీశారు, ఇంకోటి ఎక్కడైనా దాక్కుందేమో చూడండి.

ఇక లాక్. మీ కష్టమంతా ఇక్కడే కాబట్టి కాస్త నిదానంగా చెబుతాను.

ముందు మీది ఏ రకమో కనిపెట్టండి. అన్నీ ఒకేలా తెరుచుకోవు. కొన్నిటికి స్లాట్ చివర చిన్న మీట బయటికి పొడుచుకుని ఉంటుంది, దాన్ని మదర్‌బోర్డు వైపు కిందికి నొక్కాలి. కొన్నిటిని స్లాట్ నుంచి దూరంగా, బయటి వైపుకి వంచాలి. కొన్ని పక్కకి జరుగుతాయి. కిందికి నొక్కాల్సినదాన్ని పక్కకి తోస్తే విరుగుతుంది. లాక్‌లు విరగడంలో సగం ఇలాగే జరుగుతాయని నా అనుమానం. ఫోన్‌లో లైటు వేసి, కెమెరాని ఆ సందులోకి పోనిచ్చి ఒక ఫోటో తీయండి. కంటికి అందనిది ఫోటోలో స్పష్టంగా కనిపిస్తుంది. మదర్‌బోర్డు మాన్యువల్‌లో దాని బొమ్మ ఉంటుంది, అదీ చూడండి. ఈ మధ్య వచ్చిన ఖరీదైన బోర్డుల్లో స్లాట్‌కి దూరంగా, ర్యామ్ పక్కన, నొక్కితే లాక్ తెరుచుకునే బటన్ ఒకటి పెడుతున్నారు. మీ బోర్డుకి అది ఉండి మీరు గమనించకపోతే మనం ఇంత మాట్లాడుకోవడం దండగే.

వేలు పట్టని చోట ఏం వాడాలి? లోహం వద్దు. స్క్రూడ్రైవర్‌తో ఆ మీటని నొక్కబోతే అది జారి మదర్‌బోర్డు మీద గీత పడుతుంది. పైకి చిన్న గీతలాగే ఉంటుంది, కింద తెగేది మాత్రం ఒక రాగి దారి. ఆ స్లాట్‌తో పాటు ర్యామో, ఇంకేదో పనిచేయడం మానేస్తుంది. ప్లాస్టిక్ స్కేలు, చెక్క పుల్ల, పాత టూత్‌బ్రష్ కాడ, పెన్సిల్ వెనక కొన, ఇలాంటివేవైనా వాడొచ్చు. సన్నగా ఉండాలి, గట్టిగా ఉండాలి, జారినా గీత పడకూడదు. నా ఓటు ప్లాస్టిక్ స్కేలుకే. కార్డుకీ కూలర్‌కీ మధ్య ఎంత ఇరుకు సందైనా దూరుతుంది.

పై నుంచి దారి అసలే లేకపోతే కార్డు అవతలి వైపు నుంచి, అంటే ఫ్యాన్లున్న వైపు నుంచి ప్రయత్నించండి. అటు ఖాళీ స్లాట్లే ఉంటాయి గనక చోటు ఎక్కువ దొరకొచ్చు. అటూ కుదరకపోతే కూలర్‌కి తగిలించిన ఫ్యాన్ మాత్రం తీయండి. నిలువు కూలర్లలో చాలావాటికి ఫ్యాన్ తీగ క్లిప్పులతోనే ఉంటుంది, స్క్రూలు విప్పకుండా ఊడొస్తుంది. కూలర్ మొత్తాన్ని తీయకండి. అది తీస్తే ప్రాసెసర్ మీద పేస్టు తుడిచి మళ్లీ రాయాల్సి వస్తుంది, లేనిపోని పని.

ఇప్పుడు అసలు కిటుకు. లాక్ తెరిచే ముందు కార్డుని పైకి లాగొద్దు, కిందికి నొక్కండి. లాక్ ఉన్న కొస మీద వేలు పెట్టి స్లాట్‌లోకి కొద్దిగా నొక్కి, అలా నొక్కి ఉంచే మీటని తెరవండి. పైకి లాగుతున్నంతసేపూ కార్డు కొక్కెం లాక్ పంటిని ఒరుసుకుని బిగబట్టి ఉంటుంది, అప్పుడు మీట ఎంత నొక్కినా కదలదు. ఒక మూల ఇరుక్కున్న సొరుగుని లోపలికి నెట్టి లాగితే ఎలా వస్తుందో, ఇదీ అంతే. మీరు ఒక కొస లేపి ఉంచే లాక్ కోసం వెతికారు కదా, వేలు అందినా అది తెరుచుకునేది కాదు.

మీట తెరిస్తే చిన్నగా ‘టక్’మంటుంది, ఆ చివర కార్డు ఒకటి రెండు మిల్లీమీటర్లు పైకి వస్తుంది. కొన్ని లాక్‌లు తెరిచినట్టే నిలబడతాయి, కొన్ని వేలు తీయగానే మళ్లీ మూసుకుంటాయి. రెండో రకమైతే ఒక్కరే రెండు పనులు చేయడం కష్టం. ఇంట్లో ఎవరినైనా పిలిచి స్కేలుతో మీట నొక్కి పట్టుకోమనండి, కార్డు సంగతి మీ రెండు చేతులూ చూసుకుంటాయి. ఇందులో నామోషీ ఏమీ లేదు.

ఎత్తేటప్పుడు ఒక చేయి వెనక లోహపు పట్టీ దగ్గర, ఇంకో చేయి కార్డు ముందు చివర. ఫ్యాన్ రెక్కలని గానీ హీట్‌సింక్ రేకులని గానీ పట్టుకోకండి. రెక్కలు విరుగుతాయి, రేకులు వేళ్లు కోస్తాయి. రెండు కొసలూ సమంగా, నిట్టనిలువుగా లేవాలి. పొడవు వాటంలో ఇటు పిసరంత అటు పిసరంత కదిపితే తప్పు లేదు. పక్కలకి మాత్రం ఊపకండి, స్లాట్ గోడలు విచ్చుకునేది దానివల్లే. వెనక పట్టీ అడుగున ఒక నాలుక ఉంటుంది. అది మదర్‌బోర్డు అంచుకీ క్యాబినెట్ గోడకీ మధ్య సందులో దిగి ఉంటుంది. లాక్ వదిలాక కూడా కార్డు ఎక్కడో పట్టినట్టనిపిస్తే అక్కడ చూడండి. తీశాక బంగారు కాంటాక్టుల మీద వేళ్లు పెట్టకండి. పడ్డా ప్రమాదం లేదు, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన మెత్తటి గుడ్డతో తుడిచి ఆరనిస్తే సరి.

ఇప్పుడు ఆ మూల చూడండి. వెలుతురుకి ఏటవాలుగా పెట్టి, కొక్కెం దగ్గర సన్నటి గీతలాంటి పగులు ఉందేమో గమనించండి. ఉంటే ఆ కార్డు పనిచేస్తున్నా సరే తమ్ముడికి ఇవ్వకండి, ముందు రిపేరు తెలిసినవాళ్లకు చూపించండి. లేకపోతే నిశ్చింత. స్లాట్‌లోకీ ఒకసారి తొంగి చూడండి, విరిగిన ప్లాస్టిక్ తునకేదైనా లోపల పడి ఉంటే తీసేయాలి. లేకపోతే కొత్త కార్డు పెట్టేటప్పుడు అదే అడ్డం పడుతుంది.

వదులుగా మిగిలిన కరెంటు కేబుల్ ఫ్యాన్లలో పడకుండా పక్కకి కట్టేసి, తలుపు మూసి, మానిటర్ కేబుల్‌ని మదర్‌బోర్డు పోర్టుకి మార్చి ఆన్ చేయండి. మొదటిసారి మామూలుకంటే ఎక్కువసేపు నల్లగా ఉండొచ్చు, వెంటనే ఆపేయకండి. బొమ్మ రాకపోతే మానిటర్ బటన్లతో సరైన ఇన్‌పుట్ ఎంచుకున్నారో లేదో చూడండి. ఇది చిన్న విషయమే గానీ ఎక్కువసార్లు తప్పు అక్కడే ఉంటుంది. అప్పటికీ రాకపోతే బయాస్‌లో, అంటే మదర్‌బోర్డు సొంత సెట్టింగ్స్‌లో, లోపలి డిస్‌ప్లే మూసేసి ఉండొచ్చు. మళ్లీ ప్లగ్ తీసి, మాన్యువల్‌లో చెప్పినట్టు బయాస్‌ని రీసెట్ చేస్తే సాధారణంగా మొదటి స్థితికి వస్తుంది. వచ్చిన బొమ్మ పెద్దగా, మసకగా ఉంటే లోపలి గ్రాఫిక్స్‌కి డ్రైవర్ వేసుకోవాలి.

తమ్ముడికి పంపే ముందు కార్డుని అది వచ్చిన యాంటీ స్టాటిక్ కవర్‌లో పెట్టండి. పారేసి ఉంటే మదర్‌బోర్డులాంటివి వచ్చిన అలాంటి కవర్ ఏదైనా పనికొస్తుంది. మామూలు ప్లాస్టిక్ సంచి, థర్మోకోల్ నేరుగా తగలనివ్వకండి, స్టాటిక్ పుట్టేది వాటి దగ్గరే. కవర్‌లో పెట్టాక దాని చుట్టూ ఎంత మెత్త పెట్టినా పర్వాలేదు. పార్సెల్ పెట్టెలో మూత దగ్గర కాదు, అడుగున ఎక్కువ మెత్త ఉండాలి.

ఒక్కటి మాత్రం కార్డుతో పంపొద్దు, మీ ఎస్‌ఎంపీఎస్ కేబుల్. మీ ఎస్‌ఎంపీఎస్‌కి కేబుళ్లు విడిగా ఊడొచ్చే రకమైతే ‘ఇదీ ఉంచుకోరా’ అని ఇవ్వాలనిపిస్తుంది. కార్డు వైపు కనెక్టర్ అందరికీ ఒకటే గానీ, ఎస్‌ఎంపీఎస్ వైపు పిన్నుల అమరిక కంపెనీకో రకంగా ఉంటుంది. ఒక్కోసారి ఒకే కంపెనీ మోడళ్లలోనే మారుతుంది. కనెక్టర్ చక్కగా దూరుతుంది, ఆన్ చేయగానే కార్డు కాలిపోవచ్చు. తమ్ముడు తన ఎస్‌ఎంపీఎస్‌తో వచ్చిన కేబుల్నే వాడాలి. ప్రాసెసర్‌కి వెళ్లే 8 పిన్నుల కేబుల్ కూడా చూడ్డానికి ఇలాగే ఉంటుంది, అది 4, 4గా విడిపోతుంది. గ్రాఫిక్స్ కార్డుది 6, 2గా విడిపోతుంది. ఆ తేడా ఫోన్‌లో చెప్పండి. స్లాట్ నుంచి కార్డుకి అందేది గరిష్ఠంగా 75 వాట్లు, మిగిలిందంతా ఈ కేబుల్ నుంచే రావాలి. కాబట్టి అతని ఎస్‌ఎంపీఎస్‌కి ఆ కనెక్టర్లు ఎన్ని ఉన్నాయో, కార్డు పొడవు అతని క్యాబినెట్‌లో పడుతుందో లేదో, పార్సెల్ కట్టకముందే టేపుతో కొలిచి చెప్పమనండి.